పాఠం విడిచి... పొలం పక్షాన: నిడుబ్రోలు ఆచార్యుడి పార్లమెంటు ప్రస్థానం

పొన్నూరు: చెన్నై వైపు నుంచి వచ్చే రైలు బాపట్ల దాటి తెనాలి చేరేలోపు నిడుబ్రోలు అనే స్టేషను తగులుతుంది. ఊరు ఇప్పుడు పొన్నూరు పురపాలక సంఘంలో కలిసిపోయింది. కానీ స్టేషను పేరు మారలేదు. ఈ ఊరి రైతు కుటుంబంలో పుట్టి, ఆక్స్‌ఫర్డులో చదివి, మద్రాసు కళాశాలలో అర్థశాస్త్రం బోధించిన వ్యక్తి ఆ కొలువు విడిచి రాజకీయాల్లోకి వచ్చారు. సుమారు ఆరు దశాబ్దాలపాటు దేశ చట్టసభల్లో కొనసాగారు. తెనాలి, చిత్తూరు, శ్రీకాకుళం, గుంటూరు నియోజకవర్గాల నుంచి లోక్‌సభకు వెళ్లారు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా మంత్రి పదవి చేపట్టలేదు. ఆయనే ఆచార్య ఎన్.జి.రంగా. అసలు పేరు గోగినేని రంగనాయకులు. పార్టీలు మారినా, పదవులు వచ్చినా పోయినా ‘ఆచార్య’ అన్న మాట ఆయన పేరు ముందు నుంచి తొలగలేదు.

రంగా జీవితాన్ని స్వాతంత్ర్య సమరయోధుల వరుసలో చేర్చి రెండు మాటలతో ముగించడం పరిపాటి. ఆయనను అంత తేలికగా ముగించలేం. జమీందారులపై పోరాడిన వ్యక్తి తర్వాత జమీందారులు, సంస్థానాధీశులు కూడా ఉన్న పార్టీకి అధ్యక్షుడయ్యారు. కాంగ్రెస్‌ను రెండుసార్లు వీడి రెండుసార్లు తిరిగి వెళ్లారు. నిలకడలేని మనిషి అని ప్రత్యర్థులు విమర్శించారు. భూమి దున్నే రైతు చేతిలోనే ఉండాలన్న ఒక్క మాట చుట్టూనే ఆయన రాజకీయమంతా తిరిగిందని అనుయాయులు వాదించారు. రెండు మాటలలోనూ నిజం ఉంది.

డెల్టా పల్లెల లెక్కలు

రంగా 1900 నవంబరు 7న జన్మించారు. అప్పటికి గుంటూరు జిల్లా ఏర్పడనే లేదు. ఈ ప్రాంతం కృష్ణా జిల్లాలో ఉండేది. నాలుగేళ్ల తర్వాత, 1904లో గుంటూరు ప్రత్యేక జిల్లా అయింది. సొంత ఊళ్లో బడి చదువు, గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో పై చదువు ముగించుకొని రంగా ఇంగ్లండు వెళ్లారు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రంలో బి.లిట్. పట్టా పుచ్చుకొని 1926లో తిరిగివచ్చారు. ఆ రోజుల్లో అటువంటి చదువు చదివినవారికి ప్రభుత్వ కొలువుల్లో ఎర్ర తివాచీ పరిచేవారు. ఆయన మద్రాసు పచ్చయప్ప కళాశాలలో అర్థశాస్త్ర ఆచార్యులుగా చేరారు.

విద్యార్థులకు పుస్తకాల్లోని సిద్ధాంతాలు చెప్పి ఊరుకునే అధ్యాపకుడు కాడాయన. డెల్టా గ్రామాల ఆర్థిక వ్యవస్థను పరిశీలించి ఆంగ్లంలో రాసిన గ్రంథం తొలి సంపుటం 1926లోనే వెలువడింది. రెండో సంపుటం 1929లో వచ్చింది. చేనేత అర్థశాస్త్రంపై మరో గ్రంథం 1930లో వచ్చింది. రైతు ఇంటి రాబడి ఎంత, ఖర్చు ఎంత, అప్పు ఎంత, మగ్గం మీద నేతగాడికి మిగిలేది ఎంత అన్న ప్రశ్నలు అప్పటి విశ్వవిద్యాలయ పాఠాల్లో అరుదు. ఈ లెక్కలే తర్వాత ఆయనకు రాజకీయ ఆయుధాలయ్యాయి.

అవసరం కూడా వెంటనే వచ్చింది. రైత్వారీ ప్రాంతాలలో ప్రభుత్వం ముప్ఫై ఏళ్లకొకసారి భూమి శిస్తును తిరిగి నిర్ణయించేది. దీన్నే రీసెటిల్‌మెంటు అనేవారు. 1920 దశకం చివరలో కృష్ణా, గోదావరి డెల్టాలలో శిస్తును రూపాయికి మూడణాల చొప్పున, అంటే నూటికి 18.75 వంతున పెంచడానికి మద్రాసు ప్రభుత్వం పూనుకుంది. అసలే పంటల ధరలు దిగజారుతున్న కాలం. కాలువ నీళ్లు పారే భూములు కాబట్టి రైతు మోయగలడని అధికారుల వాదన. రైతు పెట్టుబడిని, సొంత కుటుంబం చేసే చాకిరీని లెక్కలోకి తీసుకోకుండా లాభం ఎట్లా కడతారని రైతు సంఘాలు ప్రశ్నించాయి. ఆదాయపు పన్నులో చిన్న ఆదాయాలకు మినహాయింపు ఉన్నట్లే శిస్తులో చిన్న కమతాలకు ఎందుకు ఉండరాదని నిలదీశాయి. 1928లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్ర రైతు సంఘం నిర్మాణంలో రంగా ప్రముఖ పాత్ర వహించారు. సభల్లో ఆవేశంగా మాట్లాడేవారికి కొదవ లేని ఉద్యమంలో అంకెలతో మాట్లాడగలిగినవాడు కావడమే ఆయన ప్రత్యేకత.

1930లో గాంధీజీ పిలుపుతో ఉప్పు సత్యాగ్రహం దేశమంతటా వ్యాపించింది. రంగా ఆచార్య పదవి విడిచి ఉద్యమంలో చేరారు. సతీమణి భారతీదేవి కూడా స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొన్నారు.

జమీందారీ గడ్డపై

రైత్వారీ రైతుకు ప్రభుత్వంతో తగాదా. జమీందారీ రైతు బాధ అంతకంటే లోతైనది. 1908 నాటి మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం సాగుహక్కును కాగితం మీద గుర్తించినా, పుల్లరి మొదలు అడవి కట్టె వరకు ప్రతిదానికీ జమీందారు మనిషి ముందు చేయి కట్టుకొని నిలబడక తప్పేది కాదు. నెల్లూరు జిల్లా వెంకటగిరి జమీలో రైతులు ఎదురుతిరిగారు. 1928లో ప్రారంభమైన ‘జమీన్ రైతు’ పత్రిక వారికి అండగా నిలిచింది. 1931లో రంగా ఆ పోరాటంలోకి దిగారు. జైలుకు వెళ్లారు. గుంటూరు డెల్టా రైతు కొడుకు వెంకటగిరి మెట్ట రైతు కోసం జైలుకు పోవడంతో రైతు సంఘం ఒక్క జిల్లాకో, ఒక్క రకం భూమికో పరిమితమైనది కాదన్న నమ్మకం కుదిరింది. 1933లోనూ ఆయన రైతు ఆందోళనకు నాయకత్వం వహించారు.

ఆ తర్వాత ఆయన చేసిన పని ఇతర నాయకులెవరూ చేయనిది. నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం నెలకొల్పారు. ‘రామానీడు’ అన్న పేరుతో అది ప్రసిద్ధికెక్కింది. ఉద్యోగం కోసం పట్టా ఇచ్చే బడి కాదు. గ్రామాల నుంచి వచ్చిన యువకులకు రాజకీయ, ఆర్థిక విషయాలు నేర్పి, తిరిగి ఆ గ్రామాలకే కార్యకర్తలుగా పంపడం దాని ఉద్దేశం. మద్రాసులో వదిలేసిన పాఠాన్ని ఆయన సొంత ఊళ్లో మళ్లీ మొదలుపెట్టారన్నమాట. ఆయన శిష్యులుగా రాజకీయాల్లోకి వచ్చినవారు తర్వాతి కాలంలో వేర్వేరు దారుల్లో నడిచారు. శ్రీకాకుళం జిల్లా నుంచి గౌతు లచ్చన్న గీత కార్మికుల, రైతు కూలీల నాయకుడిగా ఎదిగారు. నిడుబ్రోలులోనే పుట్టిన ప్రగడ కోటయ్య చేనేత కార్మికుల కోసం జీవితాన్ని ధారపోశారు. వీరిద్దరూ వెనుకబడిన కులాలకు చెందినవారు కావడం గమనార్హం. రంగాను ఒక్క కులం నాయకుడిగా చూపేవారు ఈ సంగతిని సాధారణంగా ప్రస్తావించరు.

1936 ఏప్రిల్‌లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఆవిర్భవించింది. బీహారుకు చెందిన స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షులు కాగా రంగా ప్రధాన కార్యదర్శి అయ్యారు. 1937లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు వరకు రైతు రక్షణ యాత్ర బయలుదేరింది. కొమ్మారెడ్డి సత్యనారాయణ, చలసాని వాసుదేవరావుల నాయకత్వంలో రైతులు సుమారు 1500 మైళ్లు నడిచి 1938లో రాజధాని చేరారు. అప్పటి మద్రాసు ప్రభుత్వంలో రెవెన్యూ మంత్రిగా ఉన్న టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన జమీందారీ విచారణ సంఘం ఏర్పడింది. ఆ సంఘం సిఫారసులు వెంటనే అమలు కాలేదు. పదేళ్ల తర్వాత 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేదాకా జమీ రైతు ఎదురుచూడవలసి వచ్చింది.

కూలీ మాట

రంగా నినాదం ‘రైతు-కూలీ రాజ్యం’. దీనిపై గాంధీజీతో చర్చలు జరిపి ఆ సంభాషణలను పుస్తకంగా ప్రచురించారు. నినాదంలో రెండు మాటలున్నా ఆచరణలో మొదటి మాటకే బరువెక్కువ అన్నది వామపక్షాల విమర్శ. వారి వాదనలో బలం లేకపోలేదు. డెల్టా గ్రామంలో రైతు, కూలీ ఇద్దరూ ఒకే గట్టు మీద నిలబడినా ఇద్దరి అవసరం ఒకటి కాదు. శిస్తు తగ్గితే రైతు ఇంట్లో గింజ మిగులుతుంది. కూలి రేటు పెరిగితే అదే గింజ కూలీ ఇంటికి పోతుంది. రైతు, కూలీ కలిసి జమీందారును, ప్రభుత్వాన్ని ఎదుర్కోవాలని రంగా అన్నారు. వారిద్దరి మధ్య తగువు వచ్చినప్పుడు ఎటు నిలబడాలన్న ప్రశ్న వచ్చేసరికి కమ్యూనిస్టులు వ్యవసాయ కూలీలను వేరుగా సంఘటితం చేశారు. 1930 దశకం ముగిసేసరికి దారులు విడిపోయాయి. డెల్టాలో కౌలు రైతు సమస్య ఇప్పటికీ తేలలేదన్నది గుర్తుచేసుకుంటే ఆ పాత తగువు పూర్తిగా పాతబడలేదని అర్థమవుతుంది.

కాంగ్రెస్ లోపల, వెలుపల

1930 దశకంలోనే కేంద్ర శాసనసభలో ప్రవేశించిన రంగా 1946లో రాజ్యాంగ నిర్ణయ సభలో సభ్యులయ్యారు. అదే సంవత్సరం కోపెన్‌హేగెన్‌లో జరిగిన ఆహార, వ్యవసాయ సంస్థ సమావేశంలో దేశానికి ప్రాతినిధ్యం వహించారు. ఆంధ్ర కాంగ్రెస్ సంఘానికి అధ్యక్షులుగా పనిచేశారు. 1951లో ఆ పదవికి జరిగిన పోటీలో నీలం సంజీవరెడ్డి చేతిలో ఓడిపోయారు. ప్రకాశం, రంగా ఇద్దరూ కాంగ్రెస్‌ను వీడారు. ఇద్దరూ ఎక్కువ కాలం కలిసి ఉండలేదు. ప్రకాశానిది ప్రజాపార్టీ కాగా రంగా కృషికార్ లోక్ పార్టీ పెట్టుకున్నారు. 1952 ఎన్నికలలో మద్రాసు శాసనసభలో ఆ పార్టీకి 15 స్థానాలు వచ్చాయి. రంగా రాజ్యసభకు వెళ్లారు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన తర్వాత 1954 నవంబరులో మద్యనిషేధం, గీత కార్మికుల సమస్యపై ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. లచ్చన్న ప్రభృతులు ఆ పోరులో ముందున్నారు. చిత్రమేమంటే మరుసటి ఏడాది 1955 మధ్యంతర ఎన్నికలలో కాంగ్రెస్, ప్రజాపార్టీ, కృషికార్ లోక్ పార్టీ కమ్యూనిస్టులకు వ్యతిరేకంగా ఒక్క గొడుగు కిందకు వచ్చాయి. కూటమి గెలిచింది. రంగా పార్టీ కాంగ్రెస్‌లో కలిసింది. 1957లో ఆయన తెనాలి నుంచి కాంగ్రెస్ అభ్యర్థిగా లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఈ రాకపోకలను సిద్ధాంతంతో సమర్థించడం కష్టం. ఓటమి, అలక, అవసరం అన్నీ వాటిలో కలిసి ఉన్నాయి.

రెండోసారి వీడడం అటువంటిది కాదు. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయాన్ని లక్ష్యంగా ప్రకటించింది. చిన్న కమతాలను కలిపి ఉమ్మడిగా సాగుచేస్తే దిగుబడి పెరుగుతుందని ప్రధాని నెహ్రూ నమ్మకం. రంగా సహకార సంఘాలకు వ్యతిరేకి కాదు. విత్తనం, ఎరువు, అప్పు, అమ్మకం సహకార పద్ధతిలో సాగాలని ఆయనా అన్నారు. పొలం గట్టు చెరిపివేయడానికి మాత్రం ఒప్పుకోలేదు. జమీందారు నుంచి విడిపించిన భూమిని సంఘానికి అప్పగిస్తే రైతు తన పొలంలోనే కూలీ అవుతాడని ఆయన భయం. ఆయన అధికార పార్టీ సభ్యత్వం వదులుకున్నారు. అదే ఏడాది రాజాజీ ప్రభృతులతో కలిసి స్వతంత్ర పార్టీ స్థాపించారు. వ్యవస్థాపక అధ్యక్షులు రంగాయే.

కొత్త పార్టీలో పారిశ్రామికవేత్తల ప్రతినిధులు, రాజస్థాన్, బీహార్, ఒడిశా ప్రాంతాల పూర్వ సంస్థానాధీశులు, జమీందారులు చేరారు. వెంకటగిరి జమీపై జైలుకు పోయిన మనిషి పక్కన రాజులు కూర్చున్నారు. పత్రికలు ఎత్తిపొడిచాయి. రాజాజీ పెద్దరికం, మినూ మసానీ వ్యవహార దక్షత, రంగా రైతు పలుకుబడి అనే మూడు కాళ్ల మీద ఆ పార్టీ నిలబడింది. 1962లో లోక్‌సభలో 18 స్థానాలు, 1967లో 44 స్థానాలు సాధించి ప్రతిపక్షాలలో పెద్దదిగా ఎదిగింది. సభలో పార్టీ నేతగా రంగా 1964 నాటి 17వ రాజ్యాంగ సవరణను గట్టిగా వ్యతిరేకించారు. ఆ సవరణ ‘ఎస్టేటు’ అన్న మాటకు అర్థాన్ని విస్తరించి రైత్వారీ భూములను కూడా దాని పరిధిలోకి తెచ్చింది. రైత్వారీ రైతును జమీందారు గాటన కట్టడం అన్యాయమన్నది ఆయన అభ్యంతరం. చివరకు సొంత సాగులో పరిమితికి లోబడి ఉన్న భూమిని ప్రభుత్వం తీసుకుంటే మార్కెట్ విలువకు తగ్గకుండా పరిహారం ఇవ్వాలన్న నిబంధన అదే సవరణలో చేరింది.

శిష్యుడు విడిచిన స్థానం

పార్టీ ఎదిగినా అధ్యక్షుడికి సొంత జిల్లాలో స్థానం నిలవలేదు. 1962లో తెనాలిలో కమ్యూనిస్టు అభ్యర్థి కొల్లా వెంకయ్య గెలిచారు. అదే సంవత్సరం చిత్తూరు సభ్యులు మాడభూషి అనంతశయనం అయ్యంగార్ బీహార్ గవర్నరుగా వెళ్లడంతో ఉప ఎన్నిక వచ్చింది. రంగా అక్కడ నిలబడి నెగ్గారు. 1967 సార్వత్రిక ఎన్నికలలో పార్టీ 44 మందిని సభకు పంపినా రంగాకు స్థానం దక్కలేదు. ఆ సమయంలో శ్రీకాకుళం నుంచి లోక్‌సభకు, రాష్ట్ర శాసనసభకు ఏకకాలంలో ఎన్నికైన గౌతు లచ్చన్న లోక్‌సభ స్థానాన్ని వదులుకున్నారు. ఉప ఎన్నికలో రంగా అక్కడి నుంచి ఢిల్లీ చేరారు. గురుదక్షిణ అన్న మాటను రాజకీయాల్లో వెటకారంగా వాడడమే ఎక్కువ. ఇక్కడ మాత్రం ఆ మాట అక్షరాలా సరిపోతుంది.

1971లో స్వతంత్ర పార్టీ 8 స్థానాలకు పడిపోయింది. రంగా మళ్లీ కాంగ్రెస్ గూటికి చేరారు. 1977 నుంచి 1980 వరకు రాజ్యసభలో ఉండి, 1980లో గుంటూరు నుంచి లోక్‌సభకు నెగ్గారు. 1984 ఎన్నికలే విశేషం. తెలుగుదేశం ప్రభంజనంలో రాష్ట్రంలోని 42 స్థానాలలో కాంగ్రెస్‌కు మిగిలినవి ఆరు. వాటిలో గుంటూరు ఒకటి. అప్పటికి రంగా వయసు 84 సంవత్సరాలు. 1989లోనూ గెలిచారు. 1991లో తెలుగుదేశం అభ్యర్థి ఎస్.ఎం.లాల్‌జాన్ బాషా చేతిలో ఓడిపోయారు. తొంభై ఏళ్ల వయసులో ఎన్నికల బరిలో దిగడం అవసరమా అన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. తప్పుకోవడం తెలియకపోవడం ఆయన లోపాలలో ఒకటి. అదే ఏడాది కేంద్ర ప్రభుత్వం పద్మవిభూషణ్ పురస్కారంతో గౌరవించింది.

ఇంతకాలం చట్టసభలో ఉండి మంత్రి కాలేకపోయారా, కావాలనుకోలేదా అన్నది తేల్చడం కష్టం. ప్రభుత్వాలకు రంగా ఎప్పుడూ సౌకర్యమైన మనిషి కాదన్నది మాత్రం స్పష్టం. గిట్టుబాటు ధర మాట రాజకీయ పార్టీల ప్రణాళికల్లోకి ఎక్కకముందే ఆయన సభలో దానిని పదే పదే ఎత్తారు. ఏ పార్టీ బెంచీలో కూర్చున్నా ఆ పాఠం మార్చలేదు. 1968లో వెలువరించిన ఆత్మకథలో తన పోరాటాలను తానే గ్రంథస్థం చేశారు.

రంగా 1995 జూన్ 9న కన్నుమూశారు. పార్లమెంటు ప్రాంగణంలో ఆయన విగ్రహం ప్రతిష్ఠించారు. 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి 1996లో ఆచార్య ఎన్.జి.రంగా పేరు పెట్టారు. అప్పట్లో దాని కేంద్రం హైదరాబాదులోని రాజేంద్రనగర్. 2014లో రాష్ట్ర విభజన జరిగాక రాజేంద్రనగర్ ప్రాంగణం తెలంగాణలో ఆచార్య జయశంకర్ పేరిట వేరే విశ్వవిద్యాలయమైంది. రంగా పేరిట ఉన్న విశ్వవిద్యాలయం కేంద్రం గుంటూరు సమీపంలోని లాంకు తరలింది. నిడుబ్రోలుకు అది ఒక పూట ప్రయాణమైనా కాదు.